‘నువ్వు’ ఎప్పుడనాలి? అత్తయ్య కోసం ఒక సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసిన కథ

పోయిన చలికాలం నేనొక ఇంగ్లీషు సినిమాకి మొదట్నుంచి చివరిదాకా తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను. ఉద్యోగం కాదు, డబ్బులు రాలేదు, ఎక్కడా పెట్టలేదు కూడా, కాబట్టి లింక్ ఇవ్వమని అడగొద్దు. ఒకే ఒక్క మనిషి కోసం చేశాను, మా అత్తయ్య. వారంలో తేలిపోతుందనుకున్నది పది వారాలు పట్టింది. అందులో సగం రోజులు ఒకే గొడవ: ఈ సినిమాలో పెళ్ళాం మొగుణ్ణి ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?

మేముండేది హాలిఫాక్స్‌లో, కెనడా తూర్పు కొసన ఉండే నోవా స్కోషియాలో. అత్తయ్యది బందరు. మావయ్యగారు పోయాక ఒక్కరే ఉంటున్నారని మా ఆయన పట్టుబట్టి అక్టోబర్‌లో ఆరు నెలలకి పిలిపించాడు. నవంబర్ వచ్చేసరికి ఇక్కడ అయిదు కూడా కాకుండానే చీకటి. పైగా అత్తయ్యకి పదిహేనేళ్ళుగా కీళ్ళవాతం. చలికి పొద్దున్నే వేళ్ళు ముడుచుకుపోయి, కాసేపు వేణ్ణీళ్ళలో పెడితే గానీ కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవారు. యూట్యూబ్‌లో సీరియళ్ళన్నీ అయిపోయాయి. ఒక ఆదివారం బయటికెళ్దామంటే వాన. ఎక్కడికెళ్ళాలో తోచక, వెచ్చగా ఉంటుంది కదా అని డౌన్‌టౌన్‌లో ఉన్న ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ నోవా స్కోషియాకి తీసుకెళ్ళాం. నాకు బొమ్మల గురించి పెద్దగా తెలీదు, ఆరేళ్ళలో అదే మొదటిసారి వెళ్ళడం.

అక్కడ గ్యాలరీ లోపల ఒక ఇల్లుంది. నమూనా కాదు, మనుషులు బతికిన ఇల్లే, తెచ్చి పెట్టారు. పొడవూ వెడల్పూ 12, 13 అడుగులుంటుందేమో. కింద ఒకటే గది, పైన పడుకోడానికి అటక. తలుపు మీద పిట్టలూ సీతాకోకచిలుకలూ, కిటికీ అద్దం మీద తులిప్ పూలు, మెట్ల మీద పూలు, పొయ్యి మీద పూలు, రొట్టెల డబ్బా మీద, ఆఖరికి చెత్త ఎత్తే చేట మీద కూడా. మా ఆయన రెండు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్య కదల్లేదు.

"ఎవరమ్మాయ్ ఈవిడ? జానెడు ఖాళీ కూడా వదల్లేదు" అన్నారు.

గోడ మీద రాసున్నది చదివి చెప్పడం మొదలుపెట్టాను. పేరు మాడ్ లూయిస్. 1903లో ఇదే రాష్ట్రంలో యార్మత్ దగ్గర పుట్టింది. చిన్నతనంలోనే కీళ్ళవాతం, పెద్దయ్యేసరికి మెడ వంగిపోయి గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది, వేళ్ళు ముడుచుకుపోయాయి. ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకోలేదు, చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి క్రిస్మస్ కార్డులు వేసి అమ్మేది, అంతే. అమ్మా నాన్నా పోయాక డిగ్బీలో పిన్ని ఇంటికి చేరింది. అక్కడికి దగ్గర్లో మార్షల్‌టౌన్ అనే చోట ఎవరెట్ లూయిస్ అని ఒక చేపలమ్మేవాడు ఇంట్లో పనికి మనిషి కావాలంటే వెళ్ళి, 1938లో అతన్నే పెళ్ళి చేసుకుంది. ఆ ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. ఆ ఒక్క గదిలో కూర్చునే బొమ్మలు వేసి, రోడ్డు పక్కన బోర్డు పెట్టి, ఒక్కోటి రెండు మూడు డాలర్లకి అమ్మేది. 1970లో పోయింది.

అత్తయ్యకి వీటిలో పట్టుకున్నది ఒక్క ముక్కే. "కీళ్ళవాతం అంటే నాకున్నదేనా?" ఆ కుంచెలు ఎలా పట్టుకునేదో చూపించమన్నారు. నాకేం తెలుసు.

కార్లో వస్తూ మా ఆయన ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆవిడ వేసిన నల్ల ట్రక్కు బొమ్మ ఒకటి 2022లో వేలంలో 350,000 డాలర్లకి పోయిందట. అంతకుముందు దాన్ని ఒంటారియోలో ఒక హోటల్ వాళ్ళు చీజ్ శాండ్‌విచ్‌లకి బదులుగా తీసుకున్నారట. "ఆవిడకెంతొచ్చింది?" అన్నారు అత్తయ్య. ఎవరం మాట్లాడలేదు. "అనుకున్నాలే" అన్నారు.

ఆవిడ మీద సినిమా ఉందని అప్పుడే తెలిసింది. పేరు ‘మాడీ’, 2016 నాటిది, ఐస్లింగ్ వాల్ష్ అనే ఐర్లాండ్ ఆవిడ తీసింది. శాలీ హాకిన్స్ మాడ్‌గా, ఈథన్ హాక్ ఎవరెట్‌గా వేశారు. కెనడాలో ఇచ్చే పెద్ద అవార్డుల్లో ఉత్తమ చిత్రం కూడా అదే అయింది. (మా ఆఫీసులో ఒకతనికి ఈ సినిమా పేరెత్తితే మంట, ఎందుకంటే కథంతా నోవా స్కోషియాలో, షూటింగ్ మాత్రం న్యూఫౌండ్‌లాండ్‌లో. మన గోదావరి కథ తీసుకెళ్ళి ఇంకెక్కడో తీస్తే మనకీ మండుతుంది కదా.) డిస్క్ కొన్నాను.

మొదటిరోజు నేనే పక్కన కూర్చుని చెప్తూ పోయాను. ఒక డైలాగు, ఆపడం, చెప్పడం, మళ్ళీ నొక్కడం. ఇరవై నిమిషాలకి అత్తయ్య రిమోట్ లాక్కున్నారు. "నువ్వు చెప్పేలోపల ఆవిడ మొహం మారిపోతోంది. నాకు మొహం చూడాలనుంది." సరిగ్గా అదీ సమస్య. సినిమా అంతా ఆ మొహంలోనే ఉంది, ఇద్దరూ మాట్లాడేది చాలా తక్కువ. నేను మధ్యలో దూరి వాగుతుంటే ఇంకేం మిగుల్తుంది? సరే, రాసిస్తాను, చదువుకోండి అన్నాను. ఈనాడు ఆదివారం పుస్తకం అట్ట నుంచి అట్టదాకా చదివే మనిషి, చదవగలరు.

పని ఎలా జరిగిందో చెప్తాను, ఎవరైనా వాళ్ళమ్మానాన్నల కోసం చెయ్యాలనుకుంటే పనికొస్తుంది.

సబ్‌టైటిల్ ఫైలంటే ఏమీ లేదు, మామూలు టెక్స్ట్ ఫైలు. వరుస నంబరు, ఎప్పుడు కనపడాలి ఎప్పుడు పోవాలి అన్న టైము, కింద మాట, అంతే. ఇంగ్లీషుది సంపాదించి, సబ్‌టైటిల్ ఎడిట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఒక్కో ఇంగ్లీషు మాట తీసి తెలుగు పెట్టుకుంటూ పోవాలి. నా ఫైల్లో వెయ్యికి కొంచెం అటూ ఇటూ ఉన్నాయి. మొదటి దెబ్బ అక్కడే తగిలింది: నాకు దొరికిన ఇంగ్లీషు ఫైలు సెకనుకి 25 ఫ్రేముల లెక్కతో చేసింది, నా సినిమా 24కి కాస్త తక్కువ. మొదట్లో అన్నీ సరిగ్గానే పడతాయి, తర్వాత కొంచెం కొంచెం జరుగుతూ చివరికొచ్చేసరికి నాలుగైదు నిమిషాల తేడా. నేను మొదటి ఒకటి రెండు డైలాగులు చూసి బాగుందనుకుని రెండొందల డైలాగులు రాసేశాను. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఫ్రేమ్ రేట్ మార్చే చోటుంది, ఒక్క నొక్కుకి సరిపోతుంది. ముందు అది చూసుకోండి, తర్వాతే రాయడం.

రెండోది, అక్షరాల లెక్క. సెకనుకి ఇన్ని అక్షరాలు దాటితే చదవలేరని సాఫ్ట్‌వేర్ ఎర్రరంగు చూపిస్తుంది. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు. ‘స్త్రీ’ అని రాస్తే మనకి ఒక అక్షరం, దానికి ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కేసుకుంటుంది. సగం ఫైలు ఎర్రగా కనిపించేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆఖరికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి అత్తయ్య చేతనే పాత వారపత్రిక చదివించాను. కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా, ఒక లైనుకి మూడు సెకన్లు. అదే నా కొలత. ఒక్క లైను, మహా అయితే రెండు, మూడు సెకన్ల కంటే తక్కువ ఉండకూడదు. దాంతో సగానికి సగం మాటలు కోసెయ్యాల్సి వచ్చింది. ఎవరెట్ ముక్తసరిగా మాట్లాడే మనిషి కాబట్టి బతికిపోయాను.

మూడోది టీవీ. పెన్‌డ్రైవ్‌లో పెట్టి మా టీవీకి గుచ్చితే ఒత్తులన్నీ విడిపోయి పక్కపక్కనే పడ్డాయి, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయింది. ఇంకో టీవీలో అయితే ఉత్త డబ్బాలు. తర్వాత అర్థమైంది, ఫైలు విడిగా ఇవ్వకుండా హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో సబ్‌టైటిల్స్‌ని బొమ్మలోనే కలిపేస్తే ఏ టీవీలోనైనా సరిగ్గా వస్తాయి. నాలుగు గంటలు పట్టింది మా లాప్‌టాప్‌కి, ఫ్యాన్ విమానంలా మోగింది.

ఇదంతా సులువైన భాగం.

పేరుతో మొదలైంది. ఆవిడ పేరు తెలుగులో ఎలా రాయాలి? స్పెల్లింగు చూసి ‘మౌడ్’ అని రాస్తే అత్తయ్య "మౌఢ్యమా? శుభమా అని సినిమా చూస్తుంటే" అన్నారు. పలికే తీరుకి దగ్గరగా ‘మోడ్’ అందామంటే అది ఎండిపోయిన మోడు. ‘మాడ్’ అంటే మాడిపోయిన అన్నం. మూడింట్లో అన్నమే నయమనుకుని మాడ్ ఖాయం చేశాం.

తర్వాత యాస. తొందరపడి మొదట మొత్తం ఫైలుని మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేశాను. అందులో ఎవరెట్, అంటే కోపమొస్తే వస్తువులు విసిరే మనిషి, పనిమనిషిగా వచ్చినామెతో "దయచేసి మీరు ఇక్కడి నుండి బయలుదేరండి" అన్న ధోరణిలో మాట్లాడుతున్నాడు. అది చెరిపేసి నేనే రాశాను. నాది హనుమకొండ. చేతికొచ్చినట్టు రాస్తే ఎవరెట్ మా బాపులాగ, అంటే మా నాన్నలాగ మాట్లాడాడు. "ఈయన తెలంగాణ చేపలమ్మేవాడా? అక్కడ సముద్రం ఎక్కడిది?" అన్నాడు మా ఆయన. అత్తయ్య మాత్రం సీరియస్‌గా ఆలోచించి, వాళ్ళింటికి గిలకలదిండి నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చే ఒకతన్ని గుర్తు చేసుకుని, ఆయన ఎలా మాట్లాడతాడో అనుకరించి చూపించారు. మాటకి ముందు ఒక నిట్టూర్పు, సగం వాక్యం, మిగతా సగం చేత్తో. "ఎంత? ...ఇయ్యి. ...రేపొత్తా." ఎవరెట్ అతికినట్టు సరిపోయాడు.

ఇక అసలు గొడవ.

ఇంగ్లీషులో ‘యూ’ అంటే చాలు, ఎవరికైనా చెల్లుతుంది. తెలుగులో ఎవరు ఎవర్ని ఏమంటారో తేల్చకుండా "టీ తాగుతావా" అన్న మాట కూడా రాయలేం. ఎవరెట్ ఆమెని ‘నువ్వు’ అంటాడు, దానికి చర్చ లేదు. ‘ఏమే’ అని రాశాను నేను, అత్తయ్య ఒప్పుకోలేదు. "పని కోసం వచ్చిన మనిషిని ‘ఏమే’ అనడానికి వాడికి చనువెక్కడిది? ‘ఏయ్’ అంటాడు. ‘ఏమే’ పెళ్ళయ్యాక." సరే, వెనక్కెళ్ళి పధ్నాలుగు చోట్ల మార్చాను.

మరి మాడ్? మొదట పని అడగడానికి వచ్చినప్పుడు ‘మీరు’. అదీ తేలికే. అక్కణ్ణుంచి పెళ్ళయి, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి చచ్చిపోయేదాకా ఎక్కడో ఒకచోట మారాలి కదా. ఎక్కడ? పెళ్ళి దగ్గర మార్చేశాను నేను. మా నానమ్మ తాతని నువ్వనే అనేది, మా ఇళ్ళల్లో అది వింత కాదు. అత్తయ్య రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు కూరగాయలు తరిగి పెట్టమంటే కూర్చుని, కత్తి సరిగ్గా పట్టుకోలేక పక్కన పెట్టేసి, "అమ్మాయ్, ఆ చెంపదెబ్బ గుర్తుందా?" అన్నారు.

సినిమా మొదటి భాగంలో ఒక స్నేహితుడి ఎదురుగా ఎవరెట్ ఆమెని చెంప మీద కొడతాడు. నేను దాన్ని ఎలాగోలా దాటేసి రాశాను, అందులో మాటలేం లేవు కాబట్టి.

"ఆ తర్వాత ఆవిడ మాట్లాడేవన్నీ నువ్వు మామూలుగా రాసేశావు. పనిమనిషి ‘మీరు’ వేరు, కొట్టించుకున్నాక ‘మీరు’ వేరు. మొదటిది అవసరానికి. రెండోది దూరం పెట్టడానికి. వాడికి తెలియాలి."

ఒకే మాట, కానీ రెండు రకాలుగా వినిపించాలి. దాన్ని రాతలో ఎలా చూపిస్తాం? చివరికి మొదటి చోట ‘అండి’లు ఉంచి, దెబ్బ తర్వాత ‘అండి’లన్నీ పీకేశాం. ‘మీరు’ మాత్రం మిగిలింది, ఎండు చేపలా.

ఆ తర్వాత వచ్చే భాగం, ఆవిడ గోడల మీద బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టి, ఇల్లు నెమ్మదిగా ఆవిడదైపోయే భాగం, సినిమాకి గుండెకాయ. అక్కడ ‘మీరు’ పెడితే దూరమైపోతోంది, ‘నువ్వు’ పెడితే తొందరైపోతోంది. వారం రోజులు అక్కడే ఆగిపోయాను. ఒకరాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో ఏదో అంటున్నాను. "పెరుగు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది... రేపు పొద్దున్న కారు తియ్యాలంటే మంచు గోకాలేమో..." అత్తయ్య ఫక్కున నవ్వారు.

అర్థం కాలేదు నాకు. తర్వాత చెప్పారు. నేను మా ఆయన్ని మామూలుగా ‘నువ్వు’ అంటాను. ఆవిడ వచ్చినప్పట్నుంచి ఆవిడ ముందు ‘నువ్వు’ అనలేక, ‘మీరు’ అనబుద్ధికాక, అసలు ఎవర్నీ ఏమీ పిలవకుండా మాట్లాడుతున్నానట. నెలల తరబడి. నాకే తెలీకుండా. "మూడో మనిషితో చెప్తున్నట్టు, గోడతో చెప్తున్నట్టు. నేనూ అంతే. పెళ్ళైన నాలుగేళ్ళదాకా మీ మావయ్యని ఏమీ పిలవలేదు. కాఫీ చల్లారిపోతోంది అనేదాన్ని. చల్లారిపోతే తాగాల్సింది ఆయనేగా."

ఆ రాత్రే కూర్చుని ఆ భాగం మొత్తం మార్చాను. మాడ్ ఎవరెట్‌తో అనే ప్రతి మాటలోంచీ ‘నువ్వు’, ‘మీరు’ రెండూ తీసేశాను, క్రియల చివర ‘-వు’ ‘-రు’ కూడా పడకుండా. తెలుగులో ఇది ఎంత కష్టమో రాస్తే తెలుస్తుంది, ‘తింటావా తింటారా’ కాస్తా ‘తినడానికి ఏమైనా పెట్టేదా’ అవ్వాలి, ‘ఎప్పుడొస్తావు’ కాస్తా ‘వచ్చేసరికి ఏవేళవుతుందో’ అవ్వాలి. డెబ్భై చిల్లర డైలాగులు. మధ్యలో రెండు మూడు చోట్ల అతుకు కనిపిస్తూనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ చదువుతుంటే ఆవిడ నిజంగా ఒక ఇంట్లో ఉన్నట్టనిపించింది నాకు మొదటిసారి. అతనితో పోట్లాడకుండా, అతనికి లొంగకుండా, పక్కనుంచి మాట్లాడుతూ ఇల్లంతా పూలు వేసేసుకుంటున్న మనిషి.

మొదటి ‘నువ్వు’ ఎక్కడో అత్తయ్యే తేల్చారు. సినిమా చివరి వైపు ఇద్దరూ గొడవపడి ఆవిడ వెళ్ళిపోతుంది, అతను వెతుక్కుంటూ వచ్చి నన్నొదిలి పోతావా అన్నట్టు బతిమాలతాడు, జీవితంలో మొదటిసారి. "ఇక్కడ" అన్నారు అత్తయ్య. "వాడు కిందకి దిగాడు కదా. ఇప్పుడంటుంది." సినిమా మొదలైన గంటన్నర తర్వాత ఒక్క ‘నువ్వు’. ఆ లైను రాసి ప్లే చేసుకుని చూసినప్పుడు, ఇదే పనికి పది వారాలు పెట్టినందుకు నాకేం బాధ అనిపించలేదు.

ఇంకోటి మిగిలింది, ఆఖరి మాట. చనిపోయే ముందు ఆసుపత్రిలో ఆవిడ అతనితో, ప్రేమ తనకి దక్కింది అన్న అర్థంలో మూడు ముక్కలు అంటుంది. ఇంగ్లీషులో ఎవరు ప్రేమించారో చెప్పక్కర్లేకుండా వాక్యం పూర్తవుతుంది. తెలుగులో ‘ప్రేమించబడ్డాను’ అని రాస్తే గ్రామర్ పేపర్ రాసినట్టుంటుంది, చచ్చిపోయే మనిషి ‘బడ్డాను’ అంటుందా? పదకొండు రకాలు రాశాను. అత్తయ్య అన్నీ విని, "నన్ను బాగా చూసుకున్నావు, అని రాయి" అన్నారు. అందులో ప్రేమ అన్న మాట ఎక్కడుంది అత్తయ్యా అన్నాను. "మనవాళ్ళెవరైనా ఆ మాట అనగా విన్నావా?"

ఫిబ్రవరిలో ఒక శనివారం మా హాల్లో వేశాం. మా బిల్డింగ్‌లోనే పిల్లల దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆంటీలు కూడా వచ్చారు, ఒకరిది గుంటూరు, ఒకరిది ఖమ్మం. పకోడీలు, టీ. నేను తెర చూడలేదు, వాళ్ళ మొహాలే చూశాను, ఏ లైను దగ్గర కళ్ళు కిందే ఉండిపోతున్నాయో, అంటే ఏది పొడుగైందో రాసుకుంటూ. అత్తయ్య అయితే కుంచె కనపడ్డ ప్రతిసారీ ముందుకి వంగారు. "వేళ్ళతో కాదమ్మాయ్, పిడికిలంతా పెట్టి పట్టుకుంటోంది. కదిలేది చెయ్యి మొత్తం." పక్కనున్న చెంచా తీసుకుని అలా పట్టుకుని చూసుకున్నారు. గ్యాలరీలో అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది.

ఆఖర్లో నిజం మాడ్, నిజం ఎవరెట్ కనిపించే పాత ఫిల్ము ముక్క వేస్తారు. ఆ వంగిన మెడ మీద అంత నవ్వు చూసి ముగ్గురూ ఒకేసారి "అయ్యో" అన్నారు. జాలితో కాదు, దొంగ దొరికినప్పుడు అంటామే, అలా.

తర్వాత పోట్లాట. ఖమ్మం ఆంటీ నన్ను నిలదీశారు. "బాగా చూసుకున్నాడా? ఎక్కడ? కొట్టినవాడు, ఆవిడ సంపాదన మీద కూర్చున్నవాడు. ఆ మాట నువ్వెందుకు రాశావు?" నేను రాయలేదాంటీ, ఆవిడే అంది, అన్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు నన్ను. తర్వాత చదివితే తెలిసింది, సినిమా చాలా చోట్ల ఎవరెట్‌ని తీపి చేసింది. అసలు ఎవరెట్ పిసినారితనం అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1960ల మధ్యలో పేపర్లో, టీవీలో వచ్చి, అమెరికా వైట్‌హౌస్ నుంచి కూడా బొమ్మలు అడిగాక సైతం ఆ ఇంటికి కరెంటు రాలేదు. 1928లో మాడ్‌కి పుట్టి వేరేవాళ్ళకి పెంపకానికి వెళ్ళిన కూతురి సంగతి కూడా సినిమాలో చూపించినంత ఓదార్పుగా ఏం జరగలేదు. ఎవరెట్ 1979లో అదే ఇంట్లో, దొంగతనానికి వచ్చినవాడి చేతిలో చనిపోయాడు. ఇవన్నీ అత్తయ్యకి చెప్పాను. "కరెంటు పెట్టించకపోవడం మాత్రం తప్పే" అన్నారు. మిగతావాటి గురించి మాట్లాడలేదు. నేను లైను మార్చలేదు. మార్చాలా అని ఇప్పటికీ అనుకుంటూంటాను, నిజానికి ఖమ్మం ఆంటీ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఏప్రిల్‌లో అత్తయ్య వెళ్ళిపోతూ సినిమా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమన్నారు, వాళ్ళ అక్కయ్యకి చూపిస్తారట. సబ్‌టైటిల్స్ బొమ్మలోనే కలిపేసింది ఇచ్చాను, ఒత్తుల గొడవ లేకుండా. అంతా ఆలోచించాను గానీ ఆ పెద్దావిడకి నెల కిందటే శుక్లాల ఆపరేషన్ అయిందని, చదవలేదని ఆలోచించలేదు.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేస్తే అక్కడ సినిమా నడుస్తోంది. "ఉండమ్మాయ్, అయిపోవచ్చింది" అని ఫోన్‌ని బల్ల మీద గ్లాసుకి ఆనించి పెట్టేశారు. నాకు సీలింగ్ ఫ్యాను, అత్తయ్య గొంతు. అక్కయ్యకి డైలాగులు చదివి వినిపిస్తున్నారు. నేను రాసినవి కావు చాలావరకు. ‘మీరు’ దగ్గర గొంతు ఒకలా, ఎవరెట్‌కి గిలకలదిండి యాస ఒకలా, మధ్యమధ్యలో "ఇక్కడేం మాట్లాడదు, చూడు" అని. ఆసుపత్రి వచ్చింది. అత్తయ్య ఆగిపోయారు.

"ఏమందే?" అంది పెద్దావిడ.

"పోయేముందు ఏమంటారు. అదే అంది."

"ఊఁ" అని కాసేపు ఊరుకుని, "మరి వాడి కుక్కలెవరు చూస్తున్నారో" అంది పెద్దావిడ.